ట్రైల్ కోసం మొదటి ఖర్చు దేనికి: సస్పెన్షన్‌కా, టైర్లకా?

కొండదారి

డ్యుయల్ స్పోర్ట్ బండి (రోడ్డుకూ మట్టి బాటకూ పనికొచ్చేది) కొని ఏడు నెలలైంది. 300 సీసీ సింగిల్ సిలిండర్, పెట్రోలు నింపితే 142 కిలోలు, ముందూ వెనకా 260 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే మేర). వారమంతా ఆఫీసుకు వెళ్లేది దాని మీదే, ఆదివారం అడవి బాట పట్టేదీ దాని మీదే. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది, ఎడమ అద్దం తప్ప. అది రెండో వారంలోనే పోయింది.

బాధలు మూడు. రాళ్లున్న చోట ముందు చక్రం నేను అనుకున్న గీత మీద నిలవదు, ప్రతి రాయికీ పక్కకు ఎగురుతుంది. ఎక్కుడు మలుపుల్లో బయటికి జారిపోతుంది. కాస్త లోతు గుంతలో దిగితే వెనక షాక్ ధన్‌మని బాటమ్ అవుతోంది, అంటే చివరిదాకా కుంగి కొట్టుకుంటోంది.

ఇప్పుడు చేతిలో ఉన్న డబ్బు ఒక పెద్ద పనికే సరిపోతుంది. ఒక ఫ్రెండ్ స్ప్రింగులు మార్చమంటాడు, ఇంకొకడు టైర్లంటాడు. బండి చూసే మెకానిక్ సైలెన్సర్ మారిస్తే బండి ఎగురుతుందంటాడు. మీరైతే ఏం చేస్తారు? "అన్నీ చేయించు" అని మాత్రం చెప్పకండి.

నాబీరాజు

టైర్లు. షోరూమ్ నుంచి వచ్చే టైరు రోడ్డుకు చుట్టం, మట్టికి పరాయిది. బ్లాకుల మధ్య సందు తక్కువ. తడి బంకమట్టి ఆ సందుల్లో నిండిందంటే టైరు సబ్బుబిళ్లలా తయారవుతుంది. నాబీలో, అంటే పెద్ద బ్లాకులుండే మట్టి టైరులో, సందులు వెడల్పు, చక్రం తిరుగుతూనే మట్టిని విదిలించుకుంటుంది. రెండు టైర్లకూ డబ్బు చాలకపోతే ముందుది మార్చు. వెనక జారితే సర్దుకోవచ్చు, జారించడం సరదా కూడా. ముందు జారిందని తెలిసేసరికే భుజం నేలకు తగిలి ఉంటుంది.

ఇంతకీ గాలి ఎంత పెడుతున్నావు?

కొండదారి

రెండింటిలోనూ 29. రోడ్డుకు పెట్టేదే ట్రైల్‌కూ.

నాబీరాజు

29 పీఎస్‌ఐతో రాళ్లలోకా! మరి చక్రం బంతిలా ఎగరక ఏం చేస్తుంది? బాట మొదట్లో ఆగి 18కి దింపు. టైరు రాయి మీద కొంచెం నలిగి దాన్ని పట్టుకుంటుంది.

ట్యూబు టైరు కదా, మరీ దింపొద్దు. 15 కంటే కిందికి పోవాలంటే రిమ్ లాక్ (టైరును రిమ్ముకు అదిమి పట్టే బిగింపు) ఉండాల్సిందే. లేకపోతే టైరు రిమ్ము మీద జరిగి, లోపలి ట్యూబునూ లాక్కుపోయి, వాల్వును మొదలంటా తెంపుతుంది. వాల్వు ఒక పక్కకు వాలినట్టు కనిపిస్తే ట్యూబు జరుగుతోందని అర్థం. అందుకే మాలో చాలామంది వాల్వు నట్టును రిమ్ముకు బిగించకుండా పైకి, మూత దాకా తిప్పి వదిలేస్తారు. వాల్వు వాలితే కంటికి కనపడుతుంది. తిరిగి తారు రోడ్డెక్కేముందు గాలి నింపుకోవడం మర్చిపోకు, చిన్న పంపు సంచిలో ఉండాలి.

స్ప్రింగుశాస్త్రి

రాజుగారు గాలి సంగతి సరిగ్గా చెప్పారు, దానికి ఖర్చు కూడా లేదు. కానీ ఎక్కుడు మలుపులో ముందు చక్రం బయటికి పోవడం టైరు తప్పే అని ఎలా తేల్చారు? వెనక భాగం అవసరానికి మించి కుంగితే బండి ముందు భాగం పైకి లేస్తుంది. ఫోర్కు వాలు పెరుగుతుంది, ముందు చక్రం మీద బరువు తగ్గుతుంది. అలాంటప్పుడు ఎంత మంచి నాబీ వేసినా అది నేలను పట్టుకోవడానికి బరువేదీ?

కొండదారి గారూ, ఏదీ కొనకముందు టేపు పట్టుకుని సాగ్, అంటే బరువుకు సస్పెన్షన్ ఎంత కుంగుతోందో, కొలవండి. వెనక ఇరుసు నుంచి నిటారుగా పైన మడ్‌గార్డ్ మీద ఒక గుర్తు పెట్టుకోండి. చక్రం గాల్లో ఉన్నప్పుడు ఒక కొలత. బండి తన బరువు మీద తాను నిలబడినప్పుడు ఒక కొలత. మీరు బూట్లు, సంచి, నీళ్లతో సహా ఎక్కినప్పుడు మూడో కొలత. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే ఫ్రీ సాగ్, మొదటి దాంట్లోంచి మూడోది తీసేస్తే రైడర్ సాగ్. రైడర్ సాగ్ మొత్తం ట్రావెల్‌లో మూడో వంతు దరిదాపుల్లో ఉండాలి, మీ 260కి 86 అనుకోండి. ఫ్రీ సాగ్ 25 నుంచి 35 మధ్య ఉంటే బాగుంటుంది.

చాలామంది ప్రీలోడ్ రింగు (స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచేది) బిగించి స్ప్రింగు గట్టిపడిందనుకుంటారు. గట్టిపడదు. బండి ఎత్తు పెరుగుతుంది, అంతే. స్ప్రింగు గుణం స్ప్రింగు మారిస్తేనే మారుతుంది.

పాతచైను

ఇద్దరూ బండి ఎలా నడుస్తుందనే చూస్తున్నారు. నాకు బండి ఇంటికి రావడం ముఖ్యం.

మూడేళ్ల కిందట క్లచ్ లివర్ విరిగి, చీకటి పడుతుంటే ఎనిమిది కిలోమీటర్లు క్లచ్ లేకుండా వచ్చాను. వాగు దగ్గర ఇంజన్ ఆగింది. గేరులో ఉన్న బండిని నెట్టుకుంటూ స్టార్ట్ చేసే యోగం పగవాడికి కూడా వద్దు. ఇంకో ఫ్రెండ్‌కు రాయి తగిలి ఇంజన్ కేసు పగిలింది. ఆయిలంతా పోయింది, ఆ రోజు రైడింగ్ అక్కడితో సరి. నా లెక్కలో మొదట బాష్ ప్లేటు (ఇంజన్ కింద రక్షణగా వేసే పలక), లోపల అల్యూమినియం వెన్ను ఉన్న హ్యాండ్‌గార్డులు, రేడియేటర్ గార్డు. తర్వాత మీ స్ప్రింగులు.

ఖర్చు లేని చిట్కా ఒకటి: లివర్ల క్లాంపులు కొంచెం వదులుగా ఉంచండి. చేత్తో గట్టిగా తోస్తే తిరగాలి, నడిపేటప్పుడు మాత్రం కదలకూడదు. పడ్డప్పుడు లివర్ తిరిగిపోతుంది, విరగదు. హ్యాండిల్‌కు క్లాంపు కింద రెండు చుట్లు టెఫ్లాన్ టేపు వేస్తే ఇంకా మేలు.

ఎండ్యూరోపిచ్చి

ఇవన్నీ చేయించే డబ్బుకు ఇంకొంచెం కలిపితే పాత ఎండ్యూరో బండి (అడవి బాట పోటీల కోసం చేసేది) వస్తుంది. 110 కిలోలు. ఈ 142 కిలోల గేదెకు నగలెందుకు?

కొండదారి

అన్నా, ఆ గేదె మీదే రోజూ 40 కిలోమీటర్లు ఆఫీసుకు పోతున్నాను.

పాతచైను

ఎండ్యూరో బండికి ఆయిల్ మార్చేది గంటల లెక్కన. వారం రోజులు ఆఫీసుకు తిరిగితే ఆదివారం ట్రైల్‌కు కాదు, గ్యారేజీకి వెళ్లాలి. అతను అడిగింది అది కాదు.

ధూమ్‌ధామ్

సైలెన్సర్‌ను అందరూ తీసిపారేస్తున్నారు కాబట్టి అటువైపు నేను మాట్లాడతాను. మంచి స్లిప్-ఆన్ (చివరి డబ్బా ఒక్కటే మార్చే సైలెన్సర్) వేస్తే రెండు మూడు కిలోలు తగ్గుతాయి, అదీ బండిలో ఎత్తున, వెనకన ఉన్న బరువు. అక్కడ తగ్గిన కిలో చేతికి తెలుస్తుంది. థ్రాటిల్ ఇచ్చినప్పుడు ఊపు కూడా బాగుంటుంది.

గేర్13

ఊపు కాదు బ్రదర్, చప్పుడు. ఫ్యూయల్ ఇంజెక్షన్ మ్యాపింగ్ (ఇంజన్‌కు ఎప్పుడు ఎంత పెట్రోలు అనే లెక్క) ముట్టుకోకుండా డబ్బా ఒక్కటి మారిస్తే పెరిగే పవర్ ట్రైల్ మీద కనపడదు. చప్పుడు మాత్రం మైలు దూరం వినపడుతుంది. బాట పక్కన బతికేవాళ్లకు మన వల్ల చిరాకు పుడితే ముందు మూసేది ఆ బాటనే.

నిజంగా ఊపు కావాలంటే ముందు స్ప్రాకెట్ మార్చు. 14 పళ్లది తీసి 13 వెయ్యి. వెనక 40 ఉందనుకుంటే నిష్పత్తి 2.86 నుంచి 3.08 అవుతుంది. వెనక మూడు పళ్లు పెంచి 43 వేసినా దాదాపు అంతే, కానీ దానికి చైను పొడవు కూడా చూసుకోవాలి. మొదటి గేరులో నెమ్మదిగా పాకుతూ ఎక్కొచ్చు, క్లచ్ కాల్చక్కర్లేదు. హైవే మీద ఇంజన్ కొంచెం ఎక్కువ తిరుగుతుంది, దానికి ఒప్పుకోవాలి. స్ప్రాకెట్ చిన్నదైతే స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) మీది చైన్ స్లైడర్ (చైను రాసుకునే ముక్క) త్వరగా అరుగుతుంది, అప్పుడప్పుడూ చూస్తూ ఉండు.

స్ప్రాకెట్ మార్చిన రోజే చైను వదులు కూడా కొలువు. ట్రావెల్ ఎక్కువున్న బండికి స్టాండ్ మీద బాగా వదులుగా కనపడటమే సరైనది. ముందు స్ప్రాకెట్, స్వింగార్మ్ పివట్, వెనక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైను అన్నిటికంటే బిగుసుకుంటుంది. అక్కడ కూడా కాస్త వదులుండాలి.

నాబీరాజు

శాస్త్రిగారితో నా పేచీ ఇంకా తేలలేదు. మీరు స్ప్రింగు అంటారు, వెనక గట్టి స్ప్రింగు వేస్తారు. తర్వాత? ఆ షాక్‌లోని రీబౌండ్ డాంపింగ్ (కుంగిన స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని అదుపు చేసేది) పాత మెత్తటి స్ప్రింగు కోసం పెట్టింది. గట్టి స్ప్రింగును అది అదుపు చెయ్యలేక ప్రతి గుంత తర్వాత సీటు మనల్ని పైకి తంతుంది. దాంతో షాక్ విప్పి లోపలి షిమ్‌లు (ఆయిల్ పారకాన్ని అదుపు చేసే పల్చటి బిళ్లలు) మార్పించాలి. తర్వాత ముందు ఫోర్కు దానికి జోడీగా లేదంటారు. ఖర్చు ఎక్కడా ఆగదు. టైరు అలా కాదు, వేసిన రోజే ఫలితం.

స్ప్రింగుశాస్త్రి

వేసిన రోజు ఫలితం, అరిగిన రోజు మళ్లీ ఖర్చు. రోజూ తారు మీద 40 కిలోమీటర్లు తిరిగే మనిషికి వెనక నాబీ ఎన్ని నెలలు వస్తుందో మీకే బాగా తెలుసు. స్ప్రింగు బండి అమ్మేదాకా ఉంటుంది.

డాంపింగ్ గురించి మీరన్నది నిజం, ఒప్పుకుంటాను. స్ప్రింగును ఒకేసారి బాగా పెంచితే ఆ తలనొప్పి వస్తుంది. అందుకే ముందు కొలవమన్నాను. కొలతలు రానివ్వండి.

కొండదారి

ఆలస్యమైంది, ఆదివారం దాకా టైము దొరకలేదు.

కొలతలు: చక్రం గాల్లో 612 మిల్లీమీటర్లు. బండి ఒక్కటే 574. నేనెక్కితే 504. నా బరువు 84, సామానుతో 93 కిలోలు. కొలిచేటప్పుడు నిటారుగా కూర్చోమని మా తమ్ముడు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

తర్వాత 18 పీఎస్‌ఐ పెట్టి అదే బాటకు వెళ్లాను. రాజన్నా, రాళ్లలో తేడా నేను ఊహించనంత. ముందు చక్రం ఎగరడం చాలావరకు పోయింది. అవే పాత టైర్లు! ఎక్కుడు మలుపులో మాత్రం ఇంకా బయటికే పోతోంది. గుంతలో ధన్ అనేది అలాగే ఉంది.

స్ప్రింగుశాస్త్రి

ఫ్రీ సాగ్ 38, రైడర్ సాగ్ 108. అంటే 22 మిల్లీమీటర్లు ఎక్కువ కుంగుతోంది. ప్రీలోడ్ బిగించి 86కి తెండి. షాక్‌కూ చక్రానికీ మధ్య లింకేజీ (కదిలే కడ్డీల అమరిక) ఉంది కాబట్టి స్ప్రింగు మీద కొన్ని మిల్లీమీటర్లు బిగిస్తేనే చక్రం దగ్గర రెండు మూడు రెట్లు కనపడుతుంది, చూసుకుంటూ తిప్పండి. లాక్ రింగు మళ్లీ బిగించడం మర్చిపోవద్దు.

ఇప్పుడు అసలు లెక్క. ప్రీలోడ్ బిగిస్తే రెండు సాగ్‌లూ ఇంచుమించు ఒకే మేర తగ్గుతాయి. రైడర్ సాగ్ 86 అయితే ఫ్రీ సాగ్ 16కి వస్తుంది. అది మరీ తక్కువ. చదివితే తలకిందులుగా అనిపిస్తుంది కానీ, రైడర్ సాగ్ సరిచేశాక ఫ్రీ సాగ్ తక్కువ మిగిలితే స్ప్రింగు మెత్తన, ఎక్కువ మిగిలితే గట్టిది. మీ బరువుకు వెనక భాగం 70 మిల్లీమీటర్లు కుంగుతోంది. రైడర్ సాగ్ 86, ఫ్రీ సాగ్ 30 కావాలంటే 56 మాత్రమే కుంగాలి. 70ని 56తో భాగిస్తే 1.25. పాతిక శాతం గట్టి స్ప్రింగు కావాలి. లింకేజీ వల్ల ఇది ముతక లెక్కే, అయినా దిశ స్పష్టం.

నాబీరాజు

పాతిక శాతం! నేను చెప్పిన డాంపింగ్ గొడవ వచ్చేది సరిగ్గా అక్కడే.

స్ప్రింగుశాస్త్రి

అవును, వస్తుంది. 15, 20 శాతం దగ్గర ఆపితే ఇప్పుడున్న డాంపింగ్‌తో నెట్టుకురావచ్చు. ఆయన పోటీలకు పోవడం లేదు కదా. ఫోర్కుకు కూడా బరువుకు తగ్గ స్ప్రింగులు, కొంచెం చిక్కటి ఆయిల్. వెనక ఒక్కటే లేపి ముందు వదిలేస్తే వేగంలో హ్యాండిల్ వణకడం మొదలవుతుంది.

గేర్13

ఇద్దరూ తానే గెలిచానని అనుకుంటున్నట్టున్నారు 😄

కొండదారి

ప్రీలోడ్ 86కి తెచ్చాను. ఫ్రీ సాగ్ 17 వచ్చింది, శాస్త్రిగారి లెక్కకు ఒక్క మిల్లీమీటరు తేడా. అదే మలుపు ఆరుసార్లు ఎక్కాను, నాలుగుసార్లు గీత మీదే ఉంది. రెండుసార్లు పోయింది, అందులో ఒకటి నేను బెదిరి థ్రాటిల్ వదిలేసినప్పుడు. సీటు ఎత్తు పెరిగింది, సిగ్నల్ దగ్గర కాలి మునివేళ్లే ఆనుతున్నాయి. ఇది ఎవరూ చెప్పలేదు!

గుంతల్లో ధన్ మాత్రం పోలేదు. అందుకని ముందూ వెనకా స్ప్రింగులకే ఆర్డరిచ్చాను, 20 శాతం గట్టివి. ముందు టైరు ఎలాగూ సగం అరిగింది, అది పోయాక రాజన్న చెప్పినట్టు నాబీ వేస్తాను. వెనక మాత్రం రోడ్డుకూ మట్టికీ సగం సగం పనికొచ్చేదే. సైలెన్సర్ వద్దని మెకానిక్‌కు చెప్పేశాను, ఆయన మొహం చిన్నబోయింది.

నాబీరాజు

సరే. రీబౌండ్ తన్నినప్పుడు ఇక్కడికే వచ్చి రాయి. నేను "చెప్పానా" అనను. బహుశా అంటానేమో.

పాతచైను

అన్నీ బాగున్నాయి. ఇంజన్ కింద ఏముంది?

కొండదారి

...ఏమీ లేదు. బాష్ ప్లేటు వచ్చే నెల.

పాతచైను

వచ్చే నెల దాకా రాళ్లు ఆగుతాయా? లివర్ క్లాంపులైనా వదులు చేశావా?

కొండదారి

చేశాను. టేపు కూడా చుట్టాను. మొన్న ఆ మలుపులో పడ్డప్పుడు క్లచ్ లివర్ గడియారం ముల్లులా పైకి తిరిగింది, విరగలేదు. బ్రేకు వైపుది చెయ్యడం మర్చిపోయాను, దాని కొస విరిగింది.