మోకాలి చిప్ప నొప్పికి చేత్తో జరిపించుకుంటే చాలా, వ్యాయామం చెయ్యాల్సిందేనా?

మెట్లంటే_భయం:
ఎక్కేటప్పుడు పర్లేదు, మెట్లు దిగేటప్పుడే చిప్ప వెనకాల పట్టేస్తోంది, గంటసేపు కూర్చుని లేచినా అంతే. ఎనిమిది సిట్టింగ్‌లు అయ్యాయి, ఫిజియో చిప్పని వేళ్లతో పట్టి లోపలికి జరుపుతాడు, నొప్పికని అల్ట్రాసౌండ్ మిషన్ పెడతాడు, ఆ సాయంత్రం హాయిగా ఉంటుంది మర్నాడు మళ్లీ మామూలే. ఇంకో పది తీసుకోమంటున్నాడు, తీసుకోనా?

తొడబలం:
వద్దండి, దండగ. 2019లో అమెరికా ఫిజియోల గైడ్‌లైన్ వచ్చింది కదా, తుంటికీ తొడకీ కలిపి వ్యాయామం చేయించండి, చేతి వైద్యం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, అల్ట్రాసౌండ్ లాంటి మిషన్లూ వద్దు అని.

పాత_ఫిజియో:
మరీ అంత తీసిపారేయకండి సార్. కాలు మడవడానికే ఏడ్చే మనిషిని స్క్వాట్ (గుంజీలా కిందికి వంగి లేవడం) చెయ్యమంటే రెండో రోజే మానేస్తాడు. చిప్ప మీద చర్మానికి టేప్ అంటించండి, ఆస్ట్రేలియా ఫిజియో జెన్నీ మెక్‌కానెల్ 1986లో చెప్పిన పద్ధతే. వ్యాయామంతో పాటు మొదటి నాలుగు వారాల వరకు టేప్ వాడొచ్చని మీరు చెప్పిన గైడ్‌లైన్‌లోనే ఉంది, ఆ ముక్క మింగేశారు.

తొడబలం:
సరే, టేప్ ఒప్పుకున్నా. కానీ చిప్ప పక్కకి పోయింది నేను జరిపి పెడతా అని భయపెట్టి సిట్టింగ్‌లు అమ్మడం ఏం వైద్యమండి? మోకాలికి పైన లోపలివైపు ఉండే తొడ కండరాన్ని ఒక్కదాన్నే విడిగా పెంచుతామనే మాట కూడా అలాంటిదే, అది విడిగా పనిచేయదు.

పాత_ఫిజియో:
అమ్మడం తప్పే, కాదన్లేదు. @మెట్లంటే_భయం, మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుపోయినా ముందు డాక్టర్‌కి చూపించండి. లేదంటే పక్కకి తిరిగి పడుకుని పై కాలు ఎత్తండి, కాలు కాస్త వెనక్కే ఉండాలి, ముందుకి జారిందా పిర్ర పని తొడ ముందు కండరం కాజేస్తుంది. స్క్వాట్ మొదట్లో మోకాలు 45 డిగ్రీలు వంగేదాకా చాలు. కుర్చీలో కూర్చుని బరువుతో కాలు చాపేదైతే ఉల్టా, 90 నుంచి 45 దాకా చాపి ఆపెయ్యాలి, పూర్తిగా చాపితే చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి పదికి మూడు దాటకూడదు, పొద్దున లేచేసరికి సద్దుమణగాలి. వారానికే తగ్గలేదని రావద్దు, ఆరు నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టండి. అన్నట్టు అద్దం ముందు చిన్న మెట్టు మీంచి ఒంటికాలి మీద మెల్లగా దిగి మోకాలు ఎటు పోతుందో చెప్పండి.

మెట్లంటే_భయం:
ఇప్పుడే చేశా. బొటనవేలు దాటి లోపలికి పడిపోతోంది, రెండో కాలు అలా లేదు. ఎనిమిది సిట్టింగ్‌లలో ఒక్కసారి కూడా నన్ను మంచం దింపి చూడలేదండి ఆయన.