అప్‌డేట్: మా ఆర్కిడ్ మళ్లీ పూసింది

ఆగస్టులో అడిగాను, గుర్తుందా? కూకట్‌పల్లిలో మా ఇంట్లో ఉన్న ఫెలనాప్సిస్ ఆర్కిడ్‌కి ఆకులు, వేర్లు బాగానే ఉన్నాయి, రెండేళ్లుగా పువ్వు మాత్రం లేదని. పోయిన శనివారం మొదటి మొగ్గ విచ్చుకుంది! సలహాలిచ్చిన అందరికీ పేరుపేరునా థాంక్స్.

పనిచేసింది రాత్రి చల్లదనం. హాల్లో కుండీ ఉన్న మూలన రాత్రీ పగలూ ఒకే వేడి. నవంబర్ మొదటి వారం నుంచి తూర్పు బాల్కనీలో పెట్టాను. పగలు 28, 29 డిగ్రీలు ఉంటే రాత్రి 16, 17కి దిగేది. ఐదో వారంలో ఓ ఆకు మొదట్లో చిన్న పచ్చటి మొన కనిపించింది. వేరేమోనని టెన్షన్ పడ్డాను. వేరు కొస గుండ్రంగా, నున్నగా ఉంటుంది. దీని కొస కాస్త చదునుగా, పసిపిల్లల చేతి తొడుగులా ఉంది. పూకాడే! అక్కడి నుంచి పువ్వుకి దాదాపు మూడు నెలలు పట్టింది.

వెలుతురు కూడా ఒక కారణమే. ఆకులు ముదురు పచ్చగా ఉంటే ఆరోగ్యమని మురిసిపోయాను, అది వెలుతురు చాలక వచ్చిన రంగు. ఉదయపు లేత ఎండ గంటసేపు తగిలాక లేత పచ్చకి మారాయి.

కుండీ మార్చడం, అరటి తొక్కల నీళ్లు పోయడం వల్ల ఏమీ కాలేదు. నర్సరీలో చెప్పిన పూత మందు కొనే అవసరమే రాలేదు.

ఒక్క మాట, కాడ వచ్చాక కుండీని అటూ ఇటూ తిప్పకండి. వెలుతురు వైపు తిరుగుతూ కాడ వంకర పోతుంది. మాదానికి ఏడు మొగ్గలు, ఇప్పటికి మూడు విచ్చాయి.