ఎంఫిసీమా ఉన్నవాళ్ళ ఊపిరితిత్తిలో గడ్డ: సూదితోనా, బ్రాంకోస్కోపీతోనా?

పల్మనాలజీ పీజీ, గుంటూరు:
ఏళ్ళ తరబడి చుట్ట కాల్చినవాళ్ళు, ఎఫ్ఈవీ1 (మొదటి సెకనులో బలంగా వదలగలిగే గాలి) ఉండాల్సినదాంట్లో 35–40 శాతం. కుడి పై లోబ్‌లో 18 మి.మీ. నాడ్యూల్ (చిన్న గడ్డ), ప్లూరాకి (ఊపిరితిత్తి పైపొరకి) 3 సెం.మీ. లోపల, చుట్టూ ఎంఫిసీమా (గాలిగదుల గోడలు పాడై బోలైన భాగం). ఇలాంటి కేసులో పరీక్షకి ముక్క తీయడానికి మీరెటు: ఛాతీ గోడలోంచి సూదా, శ్వాసనాళంలోకి స్కోప్ దింపే బ్రాంకోస్కోపీనా?

రేడియాలజిస్ట్, విజయవాడ:
సీటీ చూస్తూ సూదే. గుచ్చేచోట లిగ్నోకెయిన్ తిమ్మిరి ఇంజెక్షన్ చాలు, మత్తు అక్కర్లేదు. 19 గేజ్ కోయాక్సియల్ (బయటి బోలు సూది) ఒక్కసారి దింపి, అందులోంచి 20 గేజ్ బయాప్సీ గన్‌తో మూడు నాలుగు ముక్కలు తీస్తే ప్లూరాకి పడేది ఒకటే చిల్లు. బుల్లాలూ (పెద్ద గాలి బుడగలు), ఫిషర్లూ (లోబ్‌ల మధ్య చీలికలు) తప్పించాలి. తర్వాత గుచ్చిన వైపు కిందికి వచ్చేలా పడుకోబెట్టి, గంట తర్వాత ఒకసారి, నాలుగు గంటల తర్వాత ఒకసారి ఎక్స్‌రే. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే (న్యూమోథొరాక్స్) దాన్ని తీసే సన్న గొట్టం, పిగ్‌టెయిల్ వేస్తాం.

ఛాతీ వైద్యురాలు, గుంటూరు:
సర్, పిగ్‌టెయిల్ వేస్తే తీరిపోదు. ఎంఫిసీమాలో చిల్లు త్వరగా పూడదు, రోజుల తరబడి గాలి లీకవుతుంది. ఉన్న కాస్త ఊపిరితిత్తిలో కొంచెం ముడుచుకున్నా మనిషి అక్కడికక్కడే ఆయాసంలో పడతాడు. 2025లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన వెరిటాస్ ట్రయల్ చూడండి. 10–30 మి.మీ. నాడ్యూల్స్‌లో న్యూమోథొరాక్స్ సూదితో 28.3 శాతం, నావిగేషన్ బ్రాంకోస్కోపీతో (సీటీని మ్యాప్‌గా పెట్టుకుని స్కోప్‌ని గడ్డ దాకా నడిపించే పద్ధతి) 3.3. జబ్బు తేల్చడంలోనూ బ్రాంకోస్కోపీ వెనకబడలేదు.

రేడియాలజిస్ట్, విజయవాడ:
అంకెలు కాదనను మేడం. కానీ అది నావిగేషన్ ఫలితం. మామూలు స్కోప్‌తో అంచున ఉన్న నాడ్యూల్‌ని గుడ్డిగా తడిమితే దొరికేది చాలా తక్కువ. పైగా నావిగేషన్ ఎక్కువగా జనరల్ అనస్థీషియాలోనే చేస్తారు. మత్తులో ఊపిరితిత్తి కింది భాగాలు ముడుచుకుంటే మ్యాప్ ఒకచోట, గడ్డ ఇంకోచోట. ఈ ఎఫ్ఈవీ1కి ఆ మత్తు తక్కువ ప్రమాదమా?

ఛాతీ వైద్యురాలు, గుంటూరు:
అందుకే ముందు 1 మి.మీ. సీటీ కోతల్లో గడ్డలోకి బ్రాంకస్ (శ్వాసనాళపు కొమ్మ) వెళ్తోందా చూడాలి. వెళ్తుంటే తేలికపాటి సెడేషన్‌తో రేడియల్ ఈబస్ (స్కోప్‌లోంచి సన్న అల్ట్రాసౌండ్ ప్రోబ్ పంపి గడ్డని వెతకడం) చేయొచ్చు. ప్రోబ్ గడ్డ మధ్యలో కూర్చుంటే ముక్క దొరికే అవకాశం బాగుంటుంది, పక్కన ఆనితే తగ్గుతుంది. గడ్డ ప్లూరాకి అంటుకుని ఉంటే నేనూ సూదే అంటాను, గాలి నిండిన ఊపిరితిత్తి దాటే పని లేదు కాబట్టి. పీజీ గారు అడిగిన కేసులో 3 సెం.మీ. ఎంఫిసీమా దాటాలి. బ్రాంకస్ ఉంటే సూది వద్దు.

రేడియాలజిస్ట్, విజయవాడ:
బ్రాంకస్ లేకపోతే నా దగ్గరికే రావాలి. అప్పుడు రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ 5 రోజుల ముందు ఆపండి, గుండె స్టెంట్ కొత్తదైతే కార్డియాలజిస్ట్‌ని అడక్కుండా ఆపొద్దు. మాచర్ల, వినుకొండ నుంచి వచ్చినవాళ్ళని అదే సాయంత్రం బస్సెక్కించకండి. గాలి ఆలస్యంగా చేరడం ఉంటుంది, ఆ రాత్రి వార్డులోనే ఉండాలి.

మైక్రోబయాలజిస్ట్, గుంటూరు:
ఎలా తీసినా ముక్కలన్నీ ఫార్మలిన్‌లో వేసెయ్యకండి. ఒకటి సెలైన్‌లో సీబీనాట్‌కీ (టీబీ జన్యు పరీక్ష), కల్చర్‌కీ (క్రిములని పెంచి చూసే పరీక్ష) పంపండి. టీబీ గడ్డ కూడా పెట్ స్కాన్‌లో క్యాన్సర్‌లాగే వెలుగుతుంది. ఫార్మలిన్ తగిలితే కల్చర్ పెరగదు, మళ్ళీ గుచ్చాల్సి వస్తుంది. అసలు సీటీ టేబుల్ ఎక్కించేముందు కాలర్ ఎముక పైన వేళ్ళతో నొక్కి చూడండి. అక్కడ గడ్డ తగిలితే దాన్నుంచే శాంపిల్ తీయొచ్చు, ఊపిరితిత్తి జోలికే పోనక్కర్లేదు.