రాజమహేంద్రవరంలో సాయంత్రాలు ఎలా గడుస్తాయి? అక్కడ స్థిరపడినవారు చెప్పగలరు

కొత్తకాపురం:
ఉద్యోగ బదిలీ మీద హైదరాబాదు నుంచి కుటుంబంతో రాజమహేంద్రవరం వస్తున్నాము. పాపికొండలు, కడియం నర్సరీలు, గోదావరి అందాల గురించి చాలా చదివాను, అవి పక్కన పెట్టండి. మామూలు రోజుల్లో ఊరివారు సాయంత్రం ఎక్కడికి వెళ్తారు, రాత్రి ఎంతసేపటి దాకా బయట తిరగవచ్చు, ఇల్లు ఏ పేటలో తీసుకోవాలి అన్నవి ఏళ్ళ తరబడి అక్కడ ఉంటున్నవారు చెప్పగలరు.

ఇన్నీసుపేట వాసి:
గోదావరిని పక్కన పెట్టమంటే మా సాయంత్రంలో సగం పోతుందండి. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళం పుష్కర ఘాట్‌కు యాత్రికుల్లా వెళ్ళము. గాలి కోసం వెళ్ళి, మెట్ల మీద కాసేపు కూర్చుని, హారతికి జనం చేరేసరికి లేచి వచ్చేస్తాము. హారతి చూడదగినదే, కాని రోజూ వెళ్ళేవారికి దానికి ముందున్న అరగంటే బాగుంటుంది. రద్దీ వద్దనుకుంటే ఇస్కాన్ మందిరం ఉన్న గౌతమీ ఘాట్ వైపు వెళ్ళండి. తిరుగుదారిలో కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్కు తాగడం మాకూ అలవాటే, అదేదో బయటివారి కోసం పుట్టించిన సరదా కాదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పొద్దుగుంకినా మెట్లు వేడిగానే ఉంటాయి కనుక ఏడు దాటాకే బయలుదేరండి. ఇక ఆసియాలోనే రెండవ పెద్దదైన మన రోడ్డు-రైలు వంతెన మీద దీపాలు వెలగడం గట్టు మీద కూర్చుని చూడండి, అంతకన్నా ఏం కావాలి?

వంతెనల విభాగం (విశ్రాంత):
ఆ ఆసియా రికార్డు పాట ఇంకెన్నాళ్ళు పాడతారు? మీరు చెప్పే వంతెన 1974లో మొదలైంది. 2016లో బీహారులో దీఘా–సోన్‌పూర్ వంతెన, 2018లో అస్సాంలో 4.94 కిలోమీటర్ల బోగీబీల్ వంతెన వచ్చాయి, రెండూ రోడ్డు, రైలు కలిసినవే. మన వంతెనకు చెప్పే 4.1 కిలోమీటర్లు రోడ్డు భాగానిది. రైలు మార్గం సుమారు 2.8 కిలోమీటర్లే. ఉద్యోగ జీవితమంతా వంతెనల మీదే గడిపినవాడిగా చెబుతున్నాను, ఊరిని పొగడడానికి తప్పుడు లెక్కలు అక్కరలేదు.

ఇన్నీసుపేట వాసి:
అయ్యా, నేను టేపు పట్టుకుని ఘాట్‌కు వెళ్ళను. అడిగినాయన సాయంత్రాల గురించి అడిగితే మీరు అస్సాం దాకా వెళ్ళారు.

వంతెనల విభాగం (విశ్రాంత):
రికార్డు సంగతి ఎత్తినది మీరే. పైగా బయట ఫొటోలలో అందరూ చూసే విల్లుల వంతెన మీరు చెప్పేది కానే కాదు, 1997లో పూర్తయిన ఆర్చి వంతెన అది. 1900 నుంచి రైళ్ళు నడిచిన హేవలాక్ వంతెనకు విశ్రాంతి ఇచ్చినది దీని వల్లనే. మూడు వంతెనల పేర్లు కలిపేసి మాట్లాడే ఊరివారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

ఆర్యాపురం కుర్రాడు:
ఆ హేవలాక్ వంతెననే నడకదారిగా మారుస్తామన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. నది మధ్యలో నడిచే దారి ఒకటి ఉంటే ఈ ఊరికి వేరే పార్కు అక్కరలేదు. మా వయసువారికి ఇక్కడ ఉన్నదల్లా సినిమా, టిఫిన్ బండి, మళ్ళీ సినిమా.

వంతెనల విభాగం (విశ్రాంత):
నడకదారి అంటే రంగు వేసి దీపాలు పెట్టడం కాదు బాబూ. నూరేళ్ళు దాటిన ఇనుము మీదికి జనాన్ని వదిలేముందు ప్రతి గర్డరునూ పరీక్షించాలి, ఆ తరువాత ఏటేటా ఎవరు చూసుకుంటారో తేల్చాలి.

జాంపేట కోడలు:
మగవారంతా వంతెనలు కొలిచి అలసిపోయి ఉంటే నేనొక మాట చెబుతాను. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఇక్కడే ఉంటున్న ఆడదానిగా చెబుతున్నాను, ఎన్ని గంటల దాకా తిరగవచ్చు అన్న ప్రశ్నకు ఈ ఊళ్ళో రెండు సమాధానాలు ఉన్నాయి. మా ఆయన పదకొండు దాటాక కూడా దేవీచౌక్ దగ్గర టీ తాగి వస్తారు. నేనూ మా ఆడపడుచూ తొమ్మిదికే ఘాట్ నుంచి లేచి వస్తాము, ఎందుకంటే అప్పటికి కుటుంబాలు వెళ్ళిపోయి, మెట్ల చివర్లలో చీకటీ దాని వెనక కుర్రమూకలూ మిగులుతాయి. దసరా తొమ్మిది రాత్రులు మాత్రం దేవీచౌక్‌లో అర్ధరాత్రి కూడా పిల్లలతో నిర్భయంగా తిరుగుతాము. మిగతా రోజుల్లో అంత వెలుతురు ఎందుకు ఉండదో అధికారులనే అడగాలి. 2015 జులై 14న పుష్కరాల మొదటి రోజునే పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది పోయారు. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి, ఈసారైనా మెట్లతోపాటు దారులూ మరుగుదొడ్లూ వెడల్పు అవుతాయేమో చూడాలి.

ఆర్యాపురం కుర్రాడు:
అందరు కుర్రాళ్ళనూ మూక అనడం న్యాయం కాదండి. మాకు కూర్చోవడానికి ఇంకో చోటు ఏది?

జాంపేట కోడలు:
మిమ్మల్ని అన్నానా? భుజాలు తడుముకోకండి.

పాత పాఠకుడు:
కూర్చోవడానికి చోటు లేదనడం విడ్డూరం. 1898 నాటి గౌతమీ గ్రంథాలయం ఊళ్ళోనే ఉంది. ఆనం కళాకేంద్రంలో నాటకాలు, సంగీత కచేరీలు జరుగుతుంటాయి, చాలావాటికి టికెట్ కూడా ఉండదు. కందుకూరి వీరేశలింగం తిరిగిన ఊళ్ళో ఇప్పుడు సభలకు నెరిసిన తలలే వస్తున్నాయి.

కొవ్వూరు రేవు:
మీ సాయంత్రాలు నది అవతల ఉన్న మాకూ కావాలి కాని, రోడ్డు వంతెనకు మరమ్మతులు మొదలైతే మేము నాలుగవ వంతెన మీదుగా చుట్టూ తిరిగి కాతేరు నుంచి ఊళ్ళోకి రావాలి. పెళ్ళి బట్టలకు తాడితోట వస్తే సాయంత్రమంతా దారిలోనే పోతుంది.

కొత్తకాపురం:
అందరికీ కృతజ్ఞతలు. ఇల్లు ఎక్కడ తీసుకోవాలో మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఇన్నీసుపేట వాసి:
2022 ఏప్రిల్‌లో కాకినాడ వేరు జిల్లా అయి, తూర్పు గోదావరి జిల్లాకు మన ఊరే కేంద్రం అయ్యాక అద్దెలు బాగా పెరిగాయి. బజారుకూ బడికీ నడిచి వెళ్ళాలంటే దానవాయిపేట బాగుంటుంది, కాని అద్దె ఎక్కువ, కారు పెట్టుకోవడానికి చోటు తక్కువ. విశాలంగా కావాలంటే లాలాచెరువు, మోరంపూడి వైపు చూడండి. అప్పుడు గట్టు మీది గాలికి రోజూ బండి తీయాలి.

జాంపేట కోడలు:
గాలి సంగతి తరువాత, ముందు నీటి సంగతి చెప్పండి. జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. నది అలా నిండుగా ఉన్నప్పుడు ఊళ్ళో గట్టి వాన కురిస్తే కాలువల నీరు నదిలోకి దిగదు. తుమ్మలావ, కంబాల చెరువు లాంటి పల్లపు చోట్ల వీధులు నిండుతాయి. కనుక కింది అంతస్తు ఇల్లు చూసేటప్పుడు యజమానిని ఏమీ అడగకండి, ఎదురింటివారి దగ్గరకు వెళ్ళి వానాకాలంలో వారు స్కూటరు ఎక్కడ పెట్టుకుంటారో అడగండి.