గానుగ పల్లినూనెకు మారితే సరిపోతదా?

కల్వకుర్తి బిడ్డ:
నాయనకు కొలెస్ట్రాల్ ఎక్కువున్నదని డాక్టర్ చెప్పిండు. అప్పటిసంది ఇంట్ల ఒకటే లొల్లి. పామోలిన్ ప్యాకెట్లు బంద్ జేసి గానుగ పల్లినూనె తెద్దామని అమ్మ అంటది. ఏ నూనైనా ఒకటే, పైసలు దండుగ అని అన్న అంటడు. మీరేమంటరు?

పాలమూరు రైతు:
అమ్మ మాటే కరెక్టు. పామోలిన్‌ల సాచురేటెడ్ కొవ్వు, అంటే కొలెస్ట్రాల్ పెంచే కొవ్వు, నూటికి నలభై దాకా ఉంటది, పల్లినూనెల ఇరవై లోపే. అచ్చంపేట, వనపర్తి దిక్కు యాసంగిల పల్లి పండిచ్చుకుంట ఎక్కడిదో నూనె కొనుడెందుకు?

నల్లగొండ అక్క:
అన్నా, నీ లెక్కతోని నాకు పేచీ లేదు. పామోలిన్ తగ్గియ్యాల్సిందే. కానీ ఈ తమ్ముని నాయన పొద్దుగాల పూరీ, సాయంత్రం మిర్చి బజ్జీ, నడుమ చాయ్‌ల బిస్కెట్ తింటుంటే, తాలింపుల నూనె ఒక్కటి మార్చి ఏం లాభం?

సాయంత్రం బజ్జీ బండి కాడ కడాయి చూడుండ్రి. నూనె నల్లగ చిక్కబడి ఉంటది, పిండి ముక్కలు అడుగున మాడుతుంటయ్, నురుగు కడాయి అంచుదాక పొంగుతది. తగ్గినకొద్ది దాంట్లనే కొత్త నూనె పోస్తరు, పాతది పారబోసుడు ఉండదు. మరిగిన నూనెల టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె మళ్ల మళ్ల కాగితే పుట్టే పాడు పదార్థాలు) 25 శాతం దాటితే వాడొద్దని ఫుడ్ సేఫ్టీ అథారిటీ రూల్ 2018 నుంచే అమలుల ఉన్నది. ఇండ్లల్ల మనం చేసేది కూడా అదే: ఐతారం గారెలు కాల్చిన నూనె గిన్నెల మూతపెట్టి, వారమంత కూరలల్ల వాడుతం. అది గానుగ నూనె అయినా, పాకెట్ నూనె అయినా మళ్ల మళ్ల కాగితే పాడైతది.

ఇగ బేకరీ సంగతి. పఫ్ పొరలు పొరలుగ విచ్చుకునేది గట్టి కొవ్వు వల్లనే. వనస్పతిల, బేకరీ కొవ్వులల్ల ట్రాన్స్ ఫ్యాట్ (నూనెను హైడ్రోజన్‌తోని గట్టిగ చేసేటప్పుడు పుట్టే చెడు కొవ్వు) 2 శాతం మించొద్దని 2022 జనవరి నుంచి హద్దున్నది. మంచిదే. కానీ ట్రాన్స్ తగ్గిచ్చి పామాయిల్ కొవ్వు పెడితే సాచురేటెడ్ మిగుల్తది. ప్యాకెట్ మీద "హైడ్రోజనేటెడ్", "పామ్" అన్న ముక్కలు చదవొచ్చు. అద్దాల బీరువలున్న విడి పఫ్‌కు లేబుల్ ఏడిది?

పాలమూరు రైతు:
నిజమే అక్కా. అయినా ఇంట్ల నూనె మన చేతిలున్నది కదా, అక్కడి నుంచే షురూ చేస్తే తప్పేంది?

గద్వాల గానుగ:
తప్పు లేదు, కానీ నేను గానుగ ఆడిచ్చేటోన్ని, ఒక మాట చెప్త. పల్లి మంచిదైతేనే నూనె మంచిది. తడికి బూజు పట్టిన గింజలల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటది. రిఫైన్ చెయ్యని నూనెల అది ఉండిపోవచ్చు. ముడుచుకున్నయి, రంగు మారినయి నేనైతే ఏరిపడేస్త. కొనేటోళ్లు గింజలు చూపియ్యమని అడగాలె.

కల్వకుర్తి బిడ్డ:
అక్కా, మరి ఏ నూనె ఎంత వాడాలె?

నల్లగొండ అక్క:
తమ్మీ, ఏ నూనైనా గ్రాముకు 9 క్యాలరీలే. సీసాతోని పోసుడు మానేసి చెంచాతోని కొలిచి పోయమను. నెలకు ఎంత నూనె అయితుందో అమ్మనే రాసుకుంటే, గానుగ నూనె ధర గూడ భారమనిపియ్యదు. బజ్జీ తినాలనిపిస్తే అప్పుడప్పుడు ఇంట్లనే కొంచెం నూనెల కాల్చుండ్రి, మిగిలింది తాలింపుకు దాచకుండ్రి. నాయన మందులు మాత్రం డాక్టర్‌ను అడగంది ఆపొద్దు.

పాలమూరు రైతు:
బజ్జీ బండి మీద బతికేటాయన రోజూ నూనె పారబోస్తే ఆయనకేం మిగుల్తది? దీనికి జవాబు నాకింక దొరకలే.