ఇంట్లో క్విజ్: అక్కకు ఉత్సాహం, తమ్ముడికి కన్నీళ్లు

ప్రశ్న: ఇద్దరు పిల్లల తల్లి

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పదేళ్లు, అబ్బాయికి ఏడేళ్లు. ఆటలో ఆటగా నాలుగు విషయాలు తెలుసుకుంటారన్న ఆశతో నెల రోజులుగా సాయంత్రం పూట ఇంట్లో ఒక అరగంటసేపు క్విజ్ నడుపుతున్నాను. ప్రశ్నలను నేనే పుస్తకాల్లోంచి ఏరి చీటీల మీద రాసుకుంటాను. ముందుగా చెయ్యెత్తినవారికి అవకాశం, సరైన జవాబుకు పది మార్కులు, వారం చివర ఎక్కువ మార్కులు వచ్చినవారికి ఒక చిన్న బహుమతి. మొదటి వారం ఇల్లంతా సందడిగా గడిచింది. ఆ తరువాత ప్రశ్న సగం చదివేసరికే అమ్మాయి చెయ్యి లేవడం, అబ్బాయి నోరు తెరిచేలోపే జవాబు వచ్చేయడం మామూలైపోయింది. మొన్న "సాలీడుకు ఎన్ని కాళ్లు?" అని అడిగినప్పుడు వాడు వేళ్లు మడుస్తూ లెక్క వేసుకుంటూ ఉండగానే అక్క "ఎనిమిది" అని అరిచింది. వాడు మడిచిన వేళ్లను కాసేపు అలాగే చూసుకుని, "నాకూ తెలుసు" అంటూ ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయాడు.

ఇద్దరికీ వేర్వేరు ప్రశ్నలు వేస్తే "తమ్ముడికి అన్నీ తేలికవే ఇస్తావు" అని అమ్మాయి గొడవ చేస్తోంది. అదీ గాక, పోయిన వారం అడిగినవే మళ్లీ అడిగితే ఇద్దరికీ సగం కూడా గుర్తుండటం లేదు. మార్కులూ బహుమతీ తీసేస్తే అసలు ఆడతారా అన్నది నా భయం. ఈ ఆటను మానెయ్యాలా, నడిపే తీరు మార్చాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయుడు

నమస్కారమండీ. ఆట మానవలసిన పని లేదు. కానీ ముందుగా చెయ్యెత్తినవారికే అవకాశం అన్న నియమాన్ని మాత్రం ఈ రోజే తీసెయ్యండి, ఎందుకంటే మీ అబ్బాయిని ఏడిపించింది ప్రశ్న కాదు, ఆ నియమమే. వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటున్న పిల్లవాడు సరిగ్గా మనం కోరుకునే పనే చేస్తున్నాడు. జవాబు బయటికి వచ్చిన క్షణంలో ఆ ఆలోచన ఆగిపోతుంది.

తరగతి గదుల్లో ఈ సంగతిని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు ఎప్పుడో గమనించారు. ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన తరువాత సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లలు ఇంకా పెద్ద జవాబులు చెబుతున్నారని, జవాబే చెప్పకుండా ఉండిపోయేవారు తగ్గుతున్నారని 1970ల్లో ఆమె చూపించారు. నేను కూడా మొదట్లో ఆగలేకపోయేవాడిని. మూడు సెకన్ల నిశ్శబ్దం ప్రశ్న వేసినవారికి మూడు నిమిషాల్లా అనిపిస్తుంది. ఇప్పుడు మా తరగతిలో ప్రతి ఒక్కరి దగ్గరా ఒక పలక ఉంటుంది. ప్రశ్న విన్న తరువాత అందరూ రాసి, పలకను బోర్లా పెట్టి, నేను చెప్పినప్పుడే ఒక్కసారిగా తిప్పుతారు. నిదానంగా రాసేవాడి జవాబును ఎవరూ లాక్కోలేరు, త్వరగా రాసినవారు కూడా పలక తిప్పే క్షణం కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తారు. మీ ఇంట్లో ఇద్దరికీ రెండు పలకలు చాలు.

రెండో మాట. తప్పు జవాబు వచ్చిన వెంటనే సరైన జవాబు చెప్పేసి తరువాతి చీటీకి వెళ్లకండి. ఒకసారి "గబ్బిలం పక్షా, జంతువా?" అని అడిగాను. నిజానికి ఆ ప్రశ్నే తప్పు, పక్షి కూడా జంతువే కదా, ఆ సంగతి నాకు ఇంటికి వెళ్లాక తట్టింది. ఒక అబ్బాయి ఏమాత్రం సందేహం లేకుండా "పక్షి, రెక్కలున్నాయి" అన్నాడు. "మరి సీతాకోకచిలుకకు?" అన్నాను. కాసేపు ఆలోచించి, "దానికి ఈకలు లేవు" అన్నాడు. "గబ్బిలానికి ఉన్నాయా?" అన్నాను. తరగతి మొత్తం గొడవలో పడింది. గబ్బిలం గుడ్లు పెట్టదని, పిల్లలను కని పాలు ఇస్తుందని చెప్పే సమయానికి ఆ మాట కోసం వాళ్లే ఎదురుచూస్తున్నారు. పది నిమిషాలు ఒకే ప్రశ్న మీద గడిచాయి. ఆ రోజుకు సిద్ధం చేసుకున్న మిగిలిన చీటీలు నా జేబులోనే ఉండిపోయాయి.

మరచిపోవడం గురించి మీరు దిగులుపడనక్కరలేదు. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, పాఠాన్ని రెండుసార్లు చదివినవారికి వారం తరువాత అందులోని అంశాలు 42 శాతం గుర్తున్నాయి. ఒక్కసారి చదివి, ఆ తరువాత పుస్తకం చూడకుండా గుర్తున్నది రాసినవారికి 56 శాతం గుర్తున్నాయి. విచిత్రమేమిటంటే, ఐదు నిమిషాల తరువాత అడిగినప్పుడు మాత్రం రెండుసార్లు చదివినవారే ముందున్నారు. అంటే గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ ప్రయాస వల్లనే విషయం నిలుస్తుంది. అందువల్ల పాత చీటీలను పారెయ్యకుండా ఒక డబ్బాలో వేసి, రోజూ కొత్తవాటి మధ్య రెండు మూడు పాతవి కలపండి. మరచిపోయారని తెలిసినప్పుడు విసుక్కోకండి, ఆ ప్రశ్నను మళ్లీ అడగవలసిన సమయం అదే.

జవాబు 2: ఒక తండ్రి

పై జవాబుతో ఏకీభవిస్తూ బహుమతి గురించి మాత్రం రాస్తున్నాను. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు, బొమ్మలు గీయడమంటే అప్పటికే ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి, గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి గీయించారు. కొద్ది రోజుల తరువాత ఎవరూ ఏమీ ఇవ్వనప్పుడు ఆ పిల్లలు బొమ్మల మీద గడిపిన సమయం మిగతావారితో పోలిస్తే సగానికి పడిపోయింది. ముందుగా చెప్పకుండా హఠాత్తుగా పత్రం ఇచ్చిన పిల్లల్లో ఆ నష్టం కనిపించలేదు. కాబట్టి ఎప్పుడైనా ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ వారం వారం దాని కోసమే ఆడే పరిస్థితి తేకండి.

మా అమ్మాయి కొన్నాళ్లు ఫోన్‌లో గడియారం పెట్టి ఆడించే క్విజ్ యాప్ ఒకటి వాడింది. ఒక రోజు వెనక నిలబడి చూస్తే, ప్రశ్న చదవకుండానే నాలుగింటిలో ఏదో ఒకటి నొక్కుతోంది, తప్పైతే మరొకటి నొక్కుతోంది. అన్ని మెట్లూ దాటింది, ఒక్కటీ నేర్చుకోలేదు. నాలుగు ఎంపికలిచ్చే ప్రశ్నల్లో ఇంకొక ఇబ్బంది ఏమిటంటే, తప్పు ఎంపికలు కూడా పదే పదే కంటబడి నిజాల్లా మనసులో పాతుకుపోతాయి. అటువంటివి వాడినా, జవాబును వెంటనే సరిచూసి చెప్పే పెద్దవారు పక్కన ఉండాలి.

జవాబు 3: విశ్రాంత ఉపాధ్యాయురాలు

నేను కొంచెం విభేదిస్తాను. పోటీ అంటే పదేళ్ల పిల్లలకు ప్రాణం, దాన్ని పూర్తిగా తీసేస్తే మీ పెద్దమ్మాయికి అన్యాయం జరుగుతుంది. పోటీ ఇద్దరి మధ్య కాకుండా ఇద్దరూ ఒక జట్టుగా మీతో ఉండేలా మార్చండి. పిల్లలు ప్రశ్నలు తయారుచేయాలి, అమ్మ జవాబు చెప్పాలి. నేను చూసినంతలో ఇంతకు మించిన చదువు లేదు. అమ్మను ఓడించాలంటే పుస్తకం వెతకాలి, చదివింది అర్థం కావాలి, జవాబు ఒక్కటే వచ్చేలా ప్రశ్నను పేర్చాలి. ఆఖరి పని పెద్దలకే చేతకాదు, పైన గబ్బిలం సంగతి మాస్టారే ఒప్పుకున్నారు కదా.

"అన్నిటికంటే ఎత్తైన పర్వతం ఏది?" అన్న ప్రశ్న వినడానికి తేలిక. సముద్రమట్టం నుంచి కొలిస్తే 8,848.86 మీటర్ల ఎవరెస్ట్. సముద్రం అడుగున ఉన్న పాదం నుంచి కొలిస్తే పది వేల మీటర్లు దాటే హవాయి ద్వీపంలోని మౌనా కియా. భూమి కేంద్రం నుంచి అత్యంత దూరాన ఉన్న శిఖరం కావాలంటే ఈక్వెడార్‌లోని చింబొరాజో. "ఎక్కడి నుంచి కొలవాలి?" అని మీ అమ్మాయి ఎదురుప్రశ్న వేసిన రోజున దానికి రెట్టింపు మార్కులు ఇవ్వండి. అలాగే "తన చుట్టూ తాను ఒక్కసారి తిరిగేలోపే సూర్యుణ్ణి చుట్టివచ్చే గ్రహం ఏది?" అని అడిగి చూడండి. శుక్రుడికి మొదటి పనికి 243 రోజులు, రెండో పనికి 225 రోజులు పడతాయి. ఒకరు సూర్యుడిగా నిలబడి మరొకరు చాలా నెమ్మదిగా తన చుట్టూ తాను తిరుగుతూ సూర్యుణ్ణి చుట్టివచ్చి చూపించే ప్రశ్న ఇది, ఏడేళ్లవాడికి బాగా నప్పుతుంది.

పాత పుస్తకాల్లోంచి ప్రశ్నలు తీసుకునేటప్పుడు జాగ్రత్త. 2006కు ముందు అచ్చయిన వాటిలో గ్రహాలు తొమ్మిదే. ఆ ఏడాది ప్లూటోను మరుగుజ్జు గ్రహాల్లో చేర్చారు.

ఇద్దరు పిల్లల తల్లి

అందరికీ ధన్యవాదాలు. వారం రోజులు ఆగి రాస్తున్నాను. పలకలు తెచ్చాను, మార్కుల కాగితం చించేశాను. మొదటి రోజు అమ్మాయి "ఇదేం క్విజ్" అని మొహం ముడుచుకుంది. మూడో రోజున నన్ను ఓడించవచ్చని చెప్పగానే ఇద్దరూ తలుపు వేసుకుని గంటసేపు బయటికి రాలేదు. "ఆక్టోపస్‌కు గుండెలు ఎన్ని?" అన్నది అబ్బాయి తెచ్చిన ప్రశ్న. నేను ఒకటి అని రాశాను. మూడు అట. వాడు పలక మీద నా అంకెను కొట్టేసి, "ఎందుకో చెప్పనా?" అంటూ రెండు గుండెలు మొప్పలకు, ఒకటి మిగిలిన ఒంటికి అని బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఆ బొమ్మ గీసిన పలకను తుడవనివ్వడం లేదు, అందువల్ల మూడో పలక కొనవలసి వచ్చింది.

ఒక చిన్న సందేహం మిగిలింది. వాడు అడిగే ప్రశ్నల్లో కొన్నిటికి వాడు రాసుకున్న జవాబే తప్పుగా ఉంటోంది. అక్క ముందు సరిదిద్దితే చిన్నబుచ్చుకుంటాడేమోనని వెనకాడుతున్నాను.

ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయుడు

సరిదిద్దకండి, "ఈ సంగతి ఏ పుస్తకంలో చూశావు, నాకూ చూపించు" అని అడగండి. వాడే పుస్తకం తెచ్చి, పేజీ తిప్పి, వేలు పెట్టి చదువుతాడు. తప్పుగా చదివి ఉంటే అక్కడే తెలుసుకుంటాడు. పుస్తకమే తప్పైతే ఆ రోజు మీ ముగ్గురికీ పండగే.