1967 హెరాల్డ్ కారు: ముందు సస్పెన్షన్ కిట్ వేయించాలా, డిస్క్ బ్రేకులు పెట్టించాలా?

పెరంబూర్_హెరాల్డ్:
అందరికీ చెన్నై నుంచి నమస్కారం. నాన్నగారి 1967 స్టాండర్డ్ హెరాల్డ్ (ఇంగ్లండ్ ట్రయంఫ్ హెరాల్డే, మన దేశంలో తయారైంది) పదకొండేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. పోయిన సంవత్సరం ఇంజిన్ పని చేయించి రోడ్డెక్కించాను, 948 సీసీ ఇంజిన్ ఇప్పుడు చక్కగా తిరుగుతోంది. బాధంతా ముందు చక్రాల దగ్గరే. చిన్న గుంతలో పడినా స్టీరింగ్ అదురుతుంది, బ్రేకు కొడితే బండి ఎడమకి లాగుతుంది, వానాకాలంలో సబ్‌వేలో నీళ్లు దాటి బయటికొస్తే రెండుమూడు సార్లు పెడల్ తొక్కితే గానీ బ్రేకు పట్టదు. ఇంగ్లండ్ నుంచి తెప్పించుకునే కిట్లు రెండు చూశాను. ఒకదాంట్లో ఎత్తు తగ్గించే గట్టి స్ప్రింగులు, అడ్జస్టబుల్ షాక్ అబ్జార్బర్లు, పాలీయురేథేన్ బుష్‌లు (కీళ్ల దగ్గర రబ్బరు బదులు వేసే గట్టి ప్లాస్టిక్ గొట్టాలు) వస్తాయి. రెండోది ముందు చక్రాలకి, ఇప్పుడున్న డ్రమ్ బ్రేకుల బదులు, డిస్క్ బ్రేకులు. నా దగ్గరున్న డబ్బుకి ఈ ఏడాది ఒకటే కుదురుతుంది. మా మెకానిక్ అయితే పుదుపేట పాత విడిభాగాల బజార్లో పాత మారుతి 800 డిస్కులు దొరుకుతాయి, వాటినే పెట్టేద్దాం అంటున్నాడు. బండి వాడకం ఎక్కువేమీ కాదు, ఆదివారం పొద్దున్నే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీదుగా మహాబలిపురం దాకా, నలుగురం వెళ్తాం. ముందు సీట్లో అమ్మ కూర్చుంటుంది కాబట్టి బ్రేకుల విషయం చాలా టెన్షన్‌గా ఉంది. ఏది ముందు చేయించమంటారు?

పాతబండి_మామయ్య:
బాబూ, రెండూ ఆపు. ముందు ట్రనియన్లు చూపించావా? హెరాల్డ్‌కి ముందు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ, అంటే వర్టికల్ లింక్, అడుగున మరలున్న ఇత్తడి రంగు ముక్కలో తిరుగుతుంది, స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ ఆ మరల మీదే తిరుగుతుంది. ఆ ముక్కే ట్రనియన్. దానికి పోయాల్సింది గ్రీజు కాదు, ఈపీ 90 అనే చిక్కటి గేర్ ఆయిల్. మనవాళ్లు అలవాటుగా అన్నిటికీ గ్రీజు గన్ పెట్టేస్తారు, ఆ గ్రీజు గట్టిపడి మర లోపలికి పోదు, నీళ్లు మాత్రం పోతాయి, తుప్పు తింటుంది. ఒకరోజు మలుపులో లింక్ పుటుక్కున విరిగి చక్రం మడ్‌గార్డు కిందికి మడుచుకుపోతుంది. నా బండికి ఇదే జరిగింది. వీధి మలుపులో నెమ్మదిగా తిప్పుతున్నాను కాబట్టి బతికిపోయాను, అదే జీఎస్టీ రోడ్డు (గ్రాండ్ సదరన్ ట్రంక్ హైవే) మీదైతే తల్చుకోవడానికే భయం. అంత పేరున్న వర్క్‌షాపులో సర్వీసు చేయించి నెల కూడా కాలేదు, వాళ్లూ గ్రీజే పెట్టారు. పదకొండేళ్లు నిలబడిన బండి అంటున్నావు, వర్టికల్ లింకులు బయటికి తీసి మరలు శుభ్రంగా తుడిచి కళ్లతో చూడకుండా మహాబలిపురం వెళ్లకు. మార్చాల్సి వస్తే కుడి ఎడమలు కలిపెయ్యొద్దు, మరలు వేరు.

ఇక ఎత్తు తగ్గించే స్ప్రింగులు నాకు నచ్చవు. మన స్పీడ్ బ్రేకర్ల మీద నలుగురితో వెళ్తే అడుగు గీసుకుంటుంది. పైగా గట్టి స్ప్రింగు వేసి పాత షాక్ అబ్జార్బరే ఉంచితే బండి గంతులేస్తుంది. వెనక స్వింగ్ ఆక్సిల్ (చక్రంతో పాటు పైకీ కిందికీ ఊగే ఇరుసు) సంగతి కూడా మరిచిపోకు, మలుపులో వేగంగా వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలితే వెనక చక్రం లోపలికి ముడుచుకునే గుణం దానిది. ముందువైపు ఎంత ఖర్చు పెట్టినా ఆ గుణం పోదు. మామూలు ఎత్తు స్ప్రింగు, కొత్త షాక్, కొత్త రబ్బరు బుష్‌లు చాలు. పాలీ బుష్ ఎక్కువకాలం వస్తుంది నిజమే, కానీ దాని గ్రీజు సరిగా పెట్టకపోతే కీచుమంటుంది, గుంత గుంతా నీ చేతికి తెలుస్తుంది.

గిండీ_గ్యారేజ్:
మామయ్యగారు సస్పెన్షన్ సంగతి చెప్పేశారు, నేను బ్రేకుల గురించి చెప్తాను. మారుతి 800 డిస్కు ఆలోచన మానేయండి బ్రదర్. ఆ బండి చక్రం నాలుగు బోల్టుల వలయం వ్యాసం 114.3 మిల్లీమీటర్లు, మీది 95.25. హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) మార్చాలి, క్యాలిపర్‌కి (డిస్కుని రెండువైపులా ప్యాడ్లతో నొక్కే భాగం) బ్రాకెట్ వెల్డింగ్ చేయాలి, చక్రం 13 అంగుళాలు కాబట్టి లోపల ఏది తగులుతుందో చూసుకోవాలి. బ్రేకు బరువంతా మోసే చోట వీధి వెల్డింగ్ పెట్టించడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ఇంగ్లండ్ కిట్ అయితే పనిచేస్తుంది, కానీ డిస్కు బిగించేస్తే పని అయిపోదు. డ్రమ్ బ్రేకుల కోసం పెట్టిన మాస్టర్ సిలిండర్లో (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని తోసేది), లేదా లైన్లో, రెసిడ్యువల్ ప్రెషర్ వాల్వ్ ఉండొచ్చు, పెడల్ వదిలాక కూడా డ్రమ్ముకి పది పీఎస్‌ఐ దాకా ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. అదే డిస్కుకి ఇస్తే ప్యాడ్ ఎప్పుడూ రుద్దుకుంటూ వేడెక్కుతుంది. క్యాలిపర్ పిస్టన్ పెద్దది, ఎక్కువ బ్రేకు ఆయిల్ కావాలి, మాస్టర్ సిలిండర్ చిన్నదైతే పెడల్ లోతుకి దిగిపోతుంది. పెద్దది వేస్తే పెడల్ గట్టిపడుతుంది. డ్రమ్ములో షూకి (లోపలి నుంచి డ్రమ్ముని నొక్కే వంపు ముక్క) డ్రమ్ము తిరిగే దిశలో తనంతట తాను బిగుసుకునే గుణం ఉంటుంది, డిస్కులో అది లేదు, కాలితో గట్టిగా తొక్కాలి. పైగా మీది సింగిల్ సర్క్యూట్, ఒక్క పైపు కారినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. డిస్కు పెట్టిస్తే టాండెమ్ మాస్టర్ సిలిండర్ (బ్రేకులని రెండు వేరు లైన్లుగా విడగొట్టేది) కూడా చూసుకోండి.

ఎడమకి లాగుతుంది అన్నారు కదా, నా అనుమానం కుడివైపు బ్రేకు పట్టడం లేదని. రెండు డ్రమ్ములూ విప్పి చూడండి. లైనింగ్ (షూ మీది రాపిడి పొర) దుమ్ము గాలితో ఊదొద్దు, పాత లైనింగ్‌లో పీల్చకూడని ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి. డ్రమ్ము లేత్ మీద తీయిస్తే లోపలి వ్యాసం పెరుగుతుంది, షూ వంపు దానికి తగ్గట్టు గ్రైండ్ చేయించాలి, లేకపోతే షూ మధ్యలో మాత్రమే తగులుతుంది. లైనింగ్‌కి వెతుక్కోనక్కర్లేదు, పాడి, అంబత్తూరుల్లో పెద్ద బ్రేక్ లైనింగ్ కంపెనీలున్న ఊరు మనది.

వింటేజ్_ఆర్‌సీ:
చిన్న మాట. మీ బండికి 50 ఏళ్లు దాటాయి కదా, 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకునే ఉద్దేశం ఉంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలి. అలా రిజిస్టర్ అయిన బండిని రోజూ తిప్పకూడదు కూడా. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఛాసిస్ కోసి వెల్డింగ్ చేసే కిట్ ఏదీ తీసుకోవద్దు, బోల్టులతో బిగించి మళ్లీ విప్పగలిగేవి మాత్రమే వేయించండి. తీసేసిన పాత భాగాలు స్క్రాప్‌కి ఇవ్వకుండా దాచండి.

పెరంబూర్_హెరాల్డ్:
మామయ్యగారూ, గిండీ అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. శనివారమంతా విప్పి చూశాం. ట్రనియన్ రెండింట్లోనూ నల్లబడిన గ్రీజే. కుడివైపు లింక్ మరల మీద చేతి గోరు పట్టేంత తుప్పు గుంతలు. ఎడమది బాగానే ఉంది, కానీ రెండూ మార్చేస్తాను. కుడి డ్రమ్ములో వీల్ సిలిండర్ (షూలని తోసేది) కారి లైనింగ్ అంతా తడిసిపోయింది, లాగడానికి అదే కారణం. సిలిండర్లు, హోసులు, లైనింగ్‌లు కొత్తవి వేయించి డ్రమ్ములతోనే ఒక వానాకాలం నడుపుతాను. డిస్కులు వచ్చే ఏడాది చూస్తాను.

ఒక ప్రశ్న మిగిలింది: స్ప్రింగు, షాక్ విడదీయాలంటే స్ప్రింగు కంప్రెసర్ (స్ప్రింగుని నొక్కిపట్టే పనిముట్టు) తప్పదా?

పాతబండి_మామయ్య:
తప్పదు బాబూ. పైన మూడు నట్లు, కింద ఒక బోల్టు విప్పితే స్ప్రింగు, షాక్ కలిసి ఒకే ముక్కగా బయటికొస్తాయి, అక్కడిదాకా భయం లేదు. నడినెత్తిన ఉన్న నట్టు మాత్రం కంప్రెసర్ బిగించకుండా ముట్టుకోవద్దు, స్ప్రింగు ఎగిరితే మొహం మిగలదు. తిరిగి బిగించేటప్పుడు బుష్‌ల బోల్టులు గాల్లో ఉండగా పూర్తిగా బిగించకు. బండిని నేల మీదికి దించి, ముందు సీట్లో మీ అమ్మగారంత బరువు పెట్టి, రెండుసార్లు ఊపి అప్పుడు బిగించు, లేకపోతే రబ్బరు మెలిపడి నెలల్లో చిరిగిపోతుంది. లింకులు బిగించాక ఆ ట్రనియన్లలో గేర్ ఆయిల్ నువ్వే నీ చేత్తో పొయ్యి.